మిల్లర్ ఇంటిపేరు చరిత్ర ఫ్రేమ్: గోడకైతే సూపర్, చదివితేనే పరేషాన్

మా అక్క బిడ్డ పోయినేడు పెన్సిల్వేనియా పిలగాన్ని చేస్కుంది, ఇంటిపేరు మిల్లర్. ఎండాకాలం ఇద్దరు హన్మకొండకి వస్తున్నరంటే బట్టలు ఎట్లాగు పెడ్తం కదా, ఇంకేమన్న ఇద్దామని ఆన్‌లైన్ల ఇంటిపేరు చరిత్ర రాసి ఫ్రేమ్ కట్టిచ్చేటోళ్ల దగ్గర ఒకటి ఆర్డర్ పెట్టిన. సైట్ పేరు చెప్తలేను, ఇసొంటియి చానా ఉన్నయి.

ముందు మంచి చెప్త. ప్యాకింగ్ మస్తుంది, అద్దం పలగలే, కట్టె ఫ్రేమ్ బరువుగనే ఉంది. బంగారు రంగు సింహం, దాని పంజాల గిర్ని చక్రం, కింద పాత దస్తావేజు లెక్క పసుపు కాయితం మీద రెండు పేరాల చరిత్ర.

ఇగ చదివితే ఆ సింహం "మిల్లర్ వంశ ముద్ర" అంట. ఇంగ్లండుల గసొంటి ముద్రలు చూసే ఆఫీసు కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్, 1484 నుంచి ఉంది, వాళ్లు సాఫ్‌గ చెప్తరు, ముద్ర ఒక మనిషికి, ఆయన వారసులకే, ఇంటిపేరుకి కాదని. మిల్లర్ అంటేనే గిర్ని నడిపేటోడు, జర్మనీల ముల్లర్. పాతకాలంల చానా జాగల దొర గిర్నిలనే పిండి పట్టియ్యాలె అని రూలు, గందుకే ఊరికో గిర్ని, గిర్నికో ముల్లర్, ఇయ్యాల జర్మనీల అన్నిటికంటె ఎక్కువున్న ఇంటిపేరు గదే. ఇంతమందికి ఒకటే సింహం ఎట్లొస్తది?

రెండోది ఇంకా అన్యాయం. న్యూయార్క్ రేవుల వలసొచ్చినోళ్లను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్ల ఆఫీసర్లకు నోరు తిరగక ముల్లర్‌ని మిల్లర్ చేసిన్రంట. అల్లుడు చదివి నవ్విండు. అది తెరిచిందే 1892ల, వీళ్లోళ్లు 1700లల్లనే ఫిలడెల్ఫియాల దిగిన్రు. పైగా ఎల్లిస్ ఐలాండ్ల పేర్లు కొత్తగ రాయకపోతుండె, ఓడ ఎక్కేకాడ రాసుకొచ్చిన లిస్టు ముందల పెట్టుకొని అడిగేటోళ్లు. పేర్లు ఎక్కువగ తర్వాతనే మారినయి, బడిల, భూమి కాయితాలల్ల, పక్కింటోళ్ల నోట్ల, కొందరైతే వాళ్లంతల వాళ్లే మార్చుకున్నరు.

వీళ్లోళ్లు జర్మనీ ఇడిసి ఎట్లొచ్చిన్రో ఆ అసలు కథ ఒక్క ముక్క రాయలే. రైన్ నది పక్కన పాలటినేట్ అని ఇలాక, 1688 నుంచి తొమ్మిదేండ్ల యుద్ధంల ఫ్రాన్సోళ్లు ఊర్లకు ఊర్లు కాలబెట్టిన్రు, 1709 చలికి ద్రాక్ష తోటలు సచ్చినయి, అటు పెన్సిల్వేనియా పెట్టిన విలియం పెన్ ఏమో మా దగ్గర ఎవని మతం వాడు పాటిచ్చుకోవచ్చు రండి అన్నడు. రైన్ మీదికెళ్లి రాటర్‌డామ్, అక్కణ్ణుంచి ఇంగ్లండు రేవు, తర్వాత ఫిలడెల్ఫియా. కిరాయి లేనోళ్లు దిగినంక ఏండ్లకేండ్లు జీతం ఉండి తీర్చిన్రు. 1727 నుంచి, బ్రిటన్ రాజుకు లోబడి ఉంటమని దిగిన మొగోళ్లతోని సంతకాలు తీస్కున్నరు, ఆ లిస్టులు ఇప్పటికీ ఉన్నయి. అల్లుడు ఫోన్ల చూపిచ్చిండు: ఓడ కెప్టెన్ లిస్టుల ఇంగ్లీషు చెవికి వినపడ్డ స్పెల్లింగు, ఇంకో లిస్టుల అదే మనిషి జర్మన్ రాతల పెట్టిన సంతకం, రాయరానోళ్లకాడ ఉత్త గుర్తు. యోహానెస్ ముల్లర్‌లే ఎంతమందో, అండ్ల వీళ్ల తాత ఎవరో తేల్చుడే తిప్పలు.

కస్టమర్ కేర్‌కి ఇదంత రాస్తే "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబు, అంతే. 5కి 2 స్టార్లు, అవి కూడా కట్టెకి, అద్దానికి. లోపలి కాయితం తీసేసి ఆ సంతకాల పేజీ చౌరస్తా కాడ కలర్ ప్రింట్ తీయిచ్చి పెట్టిన. ఫ్రేమ్ ఏ4 కంటె కొంచెం పెద్దది, కొనేటోళ్లు చుట్టూత అట్ట వేరే కోపిచ్చుకోవాలె.