పాత మోటార్లకు మిర్యాలగూడ, గ్రైండర్లకు జడ్చర్ల: ఒక కొనుగోలు యాత్ర

దక్షిణ తెలంగాణలో వర్క్‌షాపుకు పాత మోటారు కావాలంటే ముందు మిర్యాలగూడ పోవాలి. పెడస్టల్ గ్రైండర్ (నేల మీద నిలబెట్టే, రాయి తిరిగే సానపట్టే యంత్రం) కావాలంటే జడ్చర్ల, షాద్‌నగర్ వైపు చూడాలి. హైదరాబాద్‌కు తిరిగి రాకుండానే ఈ రెండూ ఒక్క చుట్టులో అయిపోతాయి. మిర్యాలగూడ నుంచి హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా 167వ జాతీయ రహదారి నేరుగా జడ్చర్లకు తీసుకెళ్తుంది.

మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉంది. ఎటు చూసినా రైస్ మిల్లులే. మిల్లులో మెషినరీ మార్చినప్పుడల్లా 5, 7.5, 10, 15 హెచ్‌పీ మోటార్లు పాత సామాన్ల దుకాణాలకు చేరతాయి. అయితే ఈ ఊరి అసలు బలం సరుకు కాదు, దుకాణాలకు దగ్గరలోనే దొరికే వైండింగ్ షాపులు (మోటారు తీగ చుట్టేవి), లేత్ షాపులు. తుక్కు దుకాణంలో చాలాసార్లు త్రీ ఫేజ్ కరెంటే ఉండదు. చేత్తో షాఫ్టు తిప్పి ‘చూడన్నా, ఎట్ల తిరుగుతుందో’ అంటారు. ఆ తిరగడం చూసి డబ్బు ఇవ్వొద్దు. మోటారును వైండింగ్ షాపుకు మోయించి, అక్కడ కరెంటు మీద నడిపించి చూశాకే బేరం. పరీక్షకు అయ్యే ఖర్చు మోటారు ధర ముందు లెక్కలోకి రాదు.

వెళ్లడానికి ఆగస్టు, సెప్టెంబర్ మంచివి. వానాకాలం వడ్లు రాకముందు మిల్లుల్లో రిపేర్లు జరుగుతాయి, మార్చేసిన మోటార్లు అప్పుడే బయటికొస్తాయి. ఎండాకాలం వద్దు. కాలిపోయిన బోరు మోటార్లతో వైండింగ్ షాపులు నిండిపోయి ఉంటాయి, మీ మోటారును పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు.

దుకాణంలో అడగాల్సిన మొదటి మాట ‘అన్నా, ఇది యాడ నడిచింది?’ అన్నదే. సగం పరీక్ష అందులోనే అయిపోతుంది. రైస్ మిల్లు ఎలివేటర్ (వడ్లను పైకి చేర్చే యంత్రం) మీద నడిచిన మోటారుకు భారం తక్కువ, కాబట్టి అది మొదటి ఎంపిక. పాలిషర్ మీద నడిచింది ఎప్పుడూ నిండు లోడు మోసి ఉంటుంది. ఫ్యాన్ కవర్‌లో ఊక దుమ్ము గట్టిపడి గాలి ఆగిందేమో చూడాలి. గాలాడకపోతే వైండింగ్ వేడెక్కి వార్నిష్ నల్లబడుతుంది. మహబూబ్‌నగర్ వైపు జిన్నింగ్ మిల్లుల మోటార్లలో ఆ పని దూది పీచు చేస్తుంది. హుజూర్‌నగర్, మేళ్లచెరువు సిమెంట్ ఫ్యాక్టరీల నుంచి వచ్చినవైతే ముందు బేరింగులు అనుమానించాలి. పొలం మోటార్ల జోలికి పోవద్దు. లో వోల్టేజీకి, ఒక ఫేజ్ పోయినప్పుడు కాలిపోయి, పలుమార్లు చుట్టించినవే ఎక్కువ.

ఇక పరీక్ష. నేమ్ ప్లేట్ మీద 415 వోల్టులు, 50 హెర్ట్జ్, స్పీడు ఉండాలి. నిమిషానికి 1440 చుట్లు అంటే నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు), 2880 అంటే రెండు పోల్స్. ఐఎస్ (భారతీయ ప్రమాణం) 325 అని ఉంటే పాత తరం, ఐఎస్ 12615 అని ఉంటే కొత్తది. ప్లేట్ మీద కూడా కొత్త రంగు కొట్టి ఉంటే బ్లేడుతో గీకి చదవండి. టెర్మినల్ బాక్స్ విప్పి, వైర్లను కలిపే పట్టీలు తీసి, మూడు వైండింగుల రెసిస్టెన్స్ కొలవాలి, మూడూ దాదాపు ఒకేలా రావాలి. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ప్రతి ఫేజ్‌కూ బాడీకీ మధ్య 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) కన్నా తక్కువ వస్తే నడపకూడదు. పొడిగా ఉన్న మంచి మోటారు పదులు, వందల మెగోమ్‌లు చూపిస్తుంది. ‘వానకు తడిసింది’ అంటే లోపల 100 వాట్ల బల్బు పెట్టి రాత్రంతా ఆరబెట్టించండి. పొద్దున రీడింగ్ పెరిగితే వాళ్లు చెప్పింది నిజం. సున్నా దగ్గరే ఉంటే వైండింగ్ బాడీకి తగిలినట్టే.

లోడు లేకుండా ఖాళీగా నడుపుతూ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టండి. 5 హెచ్‌పీ, 1440 మోటారుకు నిండు లోడులో సుమారు 7 నుంచి 7.5 ఆంపియర్లు, ఖాళీగా 3, 3.5 దగ్గర ఉండాలి. మూడు ఫేజులూ సమంగా ఉన్నా ఖాళీ కరెంటు 5 దాటితే, చుట్లు తక్కువ వేసి ఉంటారు, లేదా పాత వైండింగ్ తీయడానికి మంట పెట్టి కోర్ పాడు చేసి ఉంటారు. అలాంటి మోటారు పనిలో పెట్టిన గంటకే చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. లీడ్ చివర బ్లేడుతో గీకితే ఎర్రగా వస్తే రాగి, తెల్లగా వస్తే అల్యూమినియం. కానీ లీడ్ రాగిదైనా లోపలి తీగ వేరే ఉండొచ్చు, అందుకే ఎండ్ కవర్ తీసి లైటు వేసి చూడాలి. కవర్ తీశారు కదా, బేరింగు కూర్చునే చోటు కూడా చూడండి. అక్కడ వరుసగా సెంటర్ పంచ్ చుక్కలు కనిపిస్తే, అరిగి వదులైన చోట బేరింగు బిగవడానికి కొట్టినవే. కొన్నాళ్లకు మళ్లీ వదులవుతుంది. లేత్ మీద మెటల్ వేసి సైజు చేయించే ఖర్చు ధరలో తగ్గించమనండి.

రాత్రికి మిర్యాలగూడలోనే బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగడం మేలు. గది మామూలుగా ఉన్నా, ఆరబెట్టిన మోటారు తెల్లారి చూసుకోవచ్చు. కుటుంబంతో వస్తే నల్లగొండలో ఉండండి. నల్లగొండలో వైండింగ్ పని బాగుంటుంది గానీ పాత మోటార్ల రకాలు తక్కువ.

జడ్చర్లలో హైవే పక్క హోటళ్ల కన్నా దగ్గరలోని మహబూబ్‌నగర్ టౌన్‌లో దిగడమే నయం, జొన్న రొట్టె కూడా బాగుంటుంది. గ్రైండర్ల కోసం మాత్రం జడ్చర్ల, షాద్‌నగర్, కొత్తూరు పారిశ్రామిక వాడల దగ్గరి స్క్రాప్ యార్డులే తిరగాలి. మూతబడ్డ ఫ్యాబ్రికేషన్ షెడ్ల నుంచి పోత ఇనుము పెడస్టల్ గ్రైండర్లు అక్కడికి వస్తాయి.

గ్రైండర్‌లో స్పీడు, రాయి సైజు పొంతన ముందు చూడాలి. మామూలు విట్రిఫైడ్ (బట్టీలో కాల్చి గట్టిపరిచిన) రాయికి అంచు వేగం సెకనుకు 35 మీటర్లు మించకూడదు. 300 మి.మీ. రాయి 1440 మీద 22.6 మీటర్లతో క్షేమంగా తిరుగుతుంది. అదే రాయి 2880 మోటారుకు బిగిస్తే 45 మీటర్లు, పగిలి మనిషి ప్రాణం తీస్తుంది. మోటారు మార్చిన పాత గ్రైండర్లలో ఈ ప్రమాదం నిజంగా ఉంటుంది. స్పిండిల్‌కు (రాయి బిగించే ఇరుసు) డయల్ గేజ్ (సన్నటి ఊగు కొలిచే ముల్లు గడియారం) పెట్టి చేత్తో తిప్పండి. ఊగు 0.05 మి.మీ. దాటితే బేరింగో షాఫ్టో పోయినట్టు. ఫ్లాంజీలు (రాయిని రెండు వైపులా నొక్కి పట్టే బిళ్లలు) రెండూ ఒకే సైజులో, రాయి వ్యాసంలో మూడో వంతుకు తగ్గకుండా ఉండాలి. ఎడమ వైపు నట్టు ఎడమ మర, అంటే విప్పడానికి మామూలుకు ఎదురు తిప్పాలి. తెలియనివాళ్లు ఉలితో కొట్టి పాడు చేస్తారు, ఆ గాట్లు వెతకండి. గార్డులు (రాయి చుట్టూ ఉండే కవర్లు), టూల్ రెస్టులు (పనిముట్టు ఆనించే బల్లలు) లేని గ్రైండర్‌కు సగం ధర చెప్పినా నేనైతే వద్దంటాను. పాత మోడల్ పోత ముక్కలు విడిగా దొరకవు. బాడీలో పగులు అనుమానమైతే కిరోసిన్ పూసి, తుడిచి, సుద్ద రాసి సుత్తితో మెల్లగా తట్టండి. పగులు ఉంటే సుద్ద మీద తడి గీత తేలుతుంది.

తెచ్చేటప్పుడు రాళ్లు విప్పేయండి. పాతవి వాడొద్దు, కొత్తవి కొనండి. చిన్న మోటార్లు ఆర్టీసీ కార్గోలో పంపొచ్చు. పెడస్టల్‌కు ట్రాలీ ఆటో, చైన్ బ్లాక్ (బరువు ఎత్తే గొలుసు కప్పీ) కావాలి. స్పిండిల్ మీద బరువు పడకుండా పాత టైరు మీద పడుకోబెట్టి కట్టాలి. బిల్లు లేకుండా బయల్దేరొద్దు. దొంగిలించిన మోటార్లు కూడా చేతులు మారుతుంటాయి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పోర్టల్‌లో తీసే పత్రం) కూడా ఉండాలి. షెడ్డులో కొత్త రాయి బిగించే ముందు వేలాడదీసి చెక్క పిడితో తట్టాలి, కంగుమంటే మంచిది. టూల్ రెస్టుకూ రాయికీ మధ్య సందు 3 మి.మీ. లోపు పెట్టి, గార్డు వేసి, పక్కకు నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పాకే పని ముట్టించాలి.