చివరి రోజు అయుత్తయాలో

తిరుగు విమానం రాత్రి పదకొండింటికి. బ్యాంకాక్ హోటల్లో గదేమో మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చెయ్యాలి. సాయంత్రం దాకా ఉంచుకుంటామని అడిగితే సగం రోజు అద్దె కట్టమన్నారు. ఆ డబ్బుతో ఇంకో ఊళ్ళో ఒక రాత్రి పడుకోవచ్చనిపించి, ఆఖరి రాత్రి బుకింగ్ రద్దు చేసుకుని అమ్మా నేనూ అయుత్తయా వెళ్ళిపోయాం. మొత్తం ట్రిప్పులో నేను తీసుకున్న మంచి నిర్ణయం ఇదొక్కటే అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

బ్యాంకాక్‌కి ఉత్తరంగా దాదాపు ఎనభై కిలోమీటర్ల దూరం. మినీ వ్యాన్లూ ఉన్నాయి కానీ నా ఓటు రైలుకే. మూడో తరగతిలో ఏసీ ఉండదు, కిటికీలు తెరిచే ఉంటాయి, టికెట్ కాఫీ ఖరీదు కూడా కాదు. అసలు సంగతి ఏంటంటే, ఆ లైను డాన్ మువాంగ్ విమానాశ్రయం పక్క నుంచే పోతుంది. మీ విమానం అక్కడి నుంచే అయితే మళ్ళీ బ్యాంకాక్ ట్రాఫిక్‌లోకి వెళ్ళే పనే లేదు. స్టేషన్ నుంచి టెర్మినల్‌కి నడక వంతెన ఉంది. బ్యాంకాక్‌లోని ఇంకో విమానాశ్రయం, సువర్ణభూమి నుంచి అయితే మాత్రం లెక్క మారుతుంది. ట్యాక్సీకి డబ్బూ టైమూ విడిగా పెట్టుకోవాలి.

బస నది దగ్గర పాత చెక్క ఇంట్లో. మాకు ఇచ్చిన గది మేడ మీద, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. అమ్మ మోకాళ్ళు చూసి అడక్కముందే కింద గదికి మార్చారు. గోడలు పల్చన, పక్క గదిలో దగ్గు కూడా వినబడుతుంది. కానీ పెట్టెలు సాయంత్రం దాకా ఉంచుకున్నారు, బయల్దేరేముందు స్నానం చేసుకోనిచ్చారు. చివరి రోజు బసకి నేనైతే ఈ రెండే చూస్తాను, మంచం మెత్తదనం తర్వాత.

ఇంతకీ ఊరి సంగతి. 1351లో రామాధిపతి అనే రాజు కట్టించిన రాజధాని. మూడు నదుల మధ్య ద్వీపంలా ఉంటుంది. పేరు మన అయోధ్యదే. 1767లో బర్మా సైన్యం కొల్లగొట్టి తగలబెట్టాక మళ్ళీ కోలుకోలేదు. 1782లో బ్యాంకాక్ రాజధాని అయినప్పుడు ఇక్కడి ఇటుకలే పడవల్లో అక్కడికి తరలించారు. హంపి చూసిన కళ్ళతో వెళితే మొదట కాస్త నిరాశే. ఇక్కడ రాయి తక్కువ, అంతా ఇటుక. విగ్రహాల్లో కూడా కొన్ని ఇటుక పేర్చి పైన గచ్చు పూసినవే. ఒక బుద్ధుడి మోకాలి దగ్గర గచ్చు ఊడి లోపలి ఇటుకల వరసలు కనిపిస్తుంటే అమ్మ అక్కడే నిలబడిపోయింది. "ఒరేయ్, గోడ కట్టినట్టే కట్టార్రా దేవుణ్ణి" అంది.

ఎనిమిదింటికి తెరవగానే వాట్ మహాథాట్‌కి వెళ్ళాం. వాట్ అంటే గుడి, మహాథాట్ అంటే మన మహాధాతు, బుద్ధుడి అవశేషాలన్నమాట. చెట్టు వేళ్ళలో ఇరుక్కున్న బుద్ధుడి తల ఉండేది ఇక్కడే. పది దాటితే టూర్ బస్సులు దిగుతాయి, ఇక ఫొటోకి క్యూ. ఆ తల దాదాపు నేల మీద ఉంటుంది. దానికన్నా మన తల ఎత్తులో ఉండకూడదని, ఫొటోకి కింద కూర్చోవాలని అక్కడి నియమం. నిలబడే సెల్ఫీ తీసుకుంటున్న ఒక కుర్రాణ్ణి కాపలావిడ ఈల వేసి కూర్చోబెట్టింది. అమ్మ కూర్చుంది కానీ లేవలేకపోయింది. ఆ కాపలావిడే వచ్చి చెయ్యి అందించి లేపింది. తల లేని విగ్రహాల వెనక నిలబడి మన తల పెట్టి ఫొటో దిగడం కూడా నిషేధమే. ఆ నియమం చూసినప్పుడు, ఇది కూడా చెప్పాల్సి వచ్చిందా అనిపించింది.

రోడ్డుకి ఇవతలే వాట్ రాచబురాణ. సింహాసనం కోసం ఏనుగుల మీద పోరాడి ఇద్దరూ చచ్చిన అన్నల దహనస్థలంలో తమ్ముడు 1424లో కట్టించాడట. గోపురం లోపలికి ఎక్కి, సన్నటి మెట్ల మీదుగా నేలగదిలోకి దిగొచ్చు. 1957లో దొంగలు తవ్విన బంగారం అందులోదే. ఇప్పుడు వెలిసిపోయిన చిత్రాలూ ఉక్కపోతా మాత్రమే మిగిలాయి. అమ్మ బయటే ఉండి మంచి పని చేసింది.

వాట్ ఫ్రా సీ సాన్‌ఫేట్, అంటే శ్రీ సర్వజ్ఞ, రాజప్రాసాదం ఆవరణలోని గుడి. మూడు చేదీలు, అంటే స్తూపాలు, వరసగా ఉంటాయి. అప్పటికే ఎండ మాడ్చేస్తోంది, పదిహేను నిమిషాల్లో బయటపడ్డాం. ఆరు చోట్లకి కలిపి ఇచ్చే టికెట్ కొనకుండా విడివిడిగా తీసుకున్నాం, ఒక్క రోజులో ఆరూ తిరగడం మా వల్ల కాదు.

మన ఆటోలాంటి టుక్‌టుక్ గంట లెక్కన మాట్లాడాం. ముందే ఏ గుళ్ళో వేలుతో చూపించి చెప్పినా, అతను ఒకసారి ఏనుగు సవారీ దగ్గర ఆపాడు. ఎక్కం అంటే నవ్వి పోనిచ్చాడు. పదకొండు నుంచి మూడు దాకా చెక్క ఇంటి అరుగు మీద పడుకున్నాం. ఈ విరామం లేకుండా పెద్దవాళ్ళని తిప్పకండి.

నాలుగింటికి నది అవతల వాట్ చాయ్‌వత్తనారాం. పేరు విడదీస్తే జయవర్ధన ఆరామం, 1630లో మొదలుపెట్టిన కట్టడం. ఒక్కటే చూడగలిగితే ఇదే చూడండి, అదీ సాయంత్రమే. మధ్యలో పెద్ద గోపురం, చుట్టూ చిన్నవి, ప్రహరీ పొడుగునా తలల్లేని బుద్ధులు. స్థానిక అమ్మాయిలు పాతకాలపు పట్టుబట్టలు అద్దెకి కట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి అమ్మ చీర అంచు పట్టుకుని చూసి, పక్కన నిలబడమని సైగ చేసింది. నా ఫోన్లో ఆ రోజు దిగిన వాటిల్లో అదే మంచి ఫొటో.

ఆరున్నర రైలెక్కాం. ఆలస్యమైనా తట్టుకునేలా మూడు గంటలు చేతిలో ఉంచుకున్నాం. స్టేషన్‌కి వెళ్ళే దారిలో రోటీ సాయ్ మాయ్ కొన్నాను. పల్చటి రొట్టెలో పీచుమిఠాయి చుట్టుకుని తింటారు. ఇంటికి చేరేసరికి ఆ పీచు గట్టి ముద్దయిపోయింది. అక్కడే తినేయండి.