నెలకి 5 వేలు మిగిలితే చీటీనా, ఆర్‌డీనా, బంగారం స్కీమా? ఏది మేలు?

ఇల్లు గడవగా నెలకి ఓ అయిదు వేలు మిగులుతున్నాయండి, ఎక్కడ వేస్తే బాగుంటుంది అని ఎవర్ని అడిగినా మన దగ్గర మూడే మాటలు వినపడతాయి. పెద్దోళ్ళయితే పోస్టాఫీసులో ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్, వేసుకోమంటారు, పక్కింటావిడ చీటీలో చేరు అంటుంది, అమ్మో అత్తగారో అయితే ఇంట్లో ఆడపిల్ల ఉంది కదా బంగారం స్కీము కట్టు అంటారు. ఎవరికి కలిసొచ్చింది వాళ్ళు చెప్తారు, అందులో తప్పేం లేదు. కానీ మూడూ ఒకటే రకం పొదుపు అనుకుని పోల్చడం దగ్గరే తిరకాసు వస్తుంది. ఆర్‌డీ అంటే అచ్చంగా పొదుపు, చీటీ సగం పొదుపు సగం అప్పు, బంగారం స్కీము అంటే ముందుగా అడ్వాన్సు కట్టి తర్వాత నగ కొనుక్కోవడం. కాబట్టి ఎంత వస్తుంది అనేదానికన్నా ముందు, ఆ డబ్బుతో మీకు ఎప్పుడు ఏం పని ఉంది అనేది తేల్చుకోవాలి.

ముందు చీటీ సంగతి చూద్దాం, ఎక్కువమంది లెక్క వేసుకోకుండా చేరేది దీంట్లోనే. లక్ష రూపాయల చీటీ, 20 మంది, 20 నెలలు, నెలకి 5 వేలు అనుకోండి. ప్రతి నెలా పాట పెడతారు, డబ్బు అవసరం ఉన్నోళ్ళు నేనింత తగ్గించుకుని తీసుకుంటా అని పాడతారు. ఒక నెల పాట 25 వేలకి పోయిందంటే పాడినోళ్ళ చేతికి 75 వేలు వస్తాయి, ఆ 25 వేల్లోంచి కమిషను 5 వేలు పోగా మిగిలిన 20 వేలు 20 మందికీ పంచుతారు, అంటే తలా వెయ్యి, ఆ నెల మీరు కట్టేది 4 వేలే. ఇదిగో ఈ వెయ్యి చూసే అందరూ చీటీలో లాభం బాగుంది అనుకుంటారు.

ఇప్పుడు చివరి నెల దాకా ఆగి ఎత్తుకునే మనిషి లెక్క చూడండి, ఎందుకంటే చీటీని పొదుపు లాగా వాడుకునేది ఆ మనిషే. మొదటి నెలల్లో పాట పాతిక ముప్పై వేల దాకా వెళ్తుంది, పోను పోను తగ్గుతుంది, మొత్తం మీద సగటున 15 వేలు అనుకుందాం. కమిషను తీసేస్తే మిగిలేది 10 వేలు, నెలకి 500 వాటా, అంటే సగటున 4,500 చొప్పున 20 నెలలకి 90 వేలు కడతారు, చివర్లో కమిషను పోను 95 వేలు వస్తాయి. 5 వేలు మిగిలాయి. సంవత్సరం లెక్కన చూస్తే సుమారు 7 శాతం వడ్డీ. పోస్టాఫీసు ఆర్‌డీకి ఇచ్చేది 6.7 శాతం. అంటే ఇన్ని నెలలు ఓపిక పట్టి, ఎవరు కడుతున్నారో ఎవరు ఎగ్గొడుతున్నారో అని టెన్షన్ పడి, ఆఖరికి ఆర్‌డీ దగ్గరే తేలాం అన్నమాట. పాట ఇంకా గట్టిగా సాగితే, సగటున 20 వేలకి పోతుందనుకోండి, లాభం డబుల్ అవుతుంది నిజమే, కానీ అంత నష్టానికి పాడుతున్నారంటే ఆ గ్రూపులో చాలామంది డబ్బుకి బాగా ఇబ్బంది పడుతున్నారని అర్థం, రేపు చీటీ ఎత్తుకున్నాక వాయిదాలు ఆపేసేది కూడా వాళ్ళే అయ్యే అవకాశం ఉంది. వాటా ఎక్కువ వస్తోందని సంతోషపడే ముందు ఇది ఆలోచించాలి.

ఇక రెండో నెలలోనే ఎత్తుకునే మనిషి సంగతి. 30 వేలు తగ్గించి పాడితే చేతికి 70 వేలు వస్తాయి, అప్పటికి తను కట్టింది తీసేస్తే అసలు అప్పు 62 వేలు, మిగతా 18 నెలల్లో దగ్గర దగ్గర 82 వేలు కట్టాలి. ఇది మన భాషలో చెప్పాలంటే నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్నట్టే. వడ్డీ వ్యాపారి దగ్గర మూడు రూపాయలంటే అమ్మో అంటాం, అదే చీటీ పాటలో అయితే అది వడ్డీ అని కూడా తోచదు.

అయితే చీటీ చెడ్డదా అంటే నేనలా అనను. మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ ఒకామె ఉంది, ఆషాఢంలో చీటీ పాడి మోటారు మిషను, పీకో మిషను రెండూ తెచ్చుకుంది, 28 వేలు పోగొట్టుకుని పాడింది, అందరూ తిట్టారు. కానీ శ్రావణమాసం వచ్చేసరికి వరలక్ష్మీ వ్రతం జాకెట్లు, పెళ్ళి జాకెట్లు, చీరలకి ఫాల్స్, అన్నీ తనే తీసుకోగలిగింది, అంతకు ముందు పీకోకి బయట ఇచ్చి కమిషన్ మీద బతికేది. బ్యాంకుకి వెళ్తే ఆవిడకి జీతం స్లిప్పు లేదు, ఐటీ రిటర్ను లేదు, తాకట్టు పెట్టడానికి బంగారం అంతకుముందే తాకట్టులో ఉంది. అలాంటి వాళ్ళకి చీటీ ఒక్కటే టైముకి చేతికందే డబ్బు, ఆ డబ్బుతో సంపాదన పెరుగుతుంది కాబట్టి మూడు రూపాయల వడ్డీ అయినా గిట్టుబాటు అయింది. అదే 28 వేలు పోగొట్టుకుని టీవీయో ఫోనో కొంటే మాత్రం అస్సలు గిట్టదు.

ఇక చీటీలో అసలు భయం వడ్డీ గురించి కాదు, మనిషి గురించి. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రార్ దగ్గర ముందుగా అనుమతి తీసుకుని రిజిస్టర్ చేయకుండా చీటీ నడపకూడదు, నడిపేవాళ్ళు చీటీ ఎంతయితే అంత సెక్యూరిటీ ముందే చూపించాలి, కమిషన్ కూడా ఇంతకు మించి తీసుకోకూడదని పరిమితి ఉంది, ముందు 5 శాతం ఉండేది 2019 సవరణలో 7 చేశారు, పైగా ఆ కమిషన్ మీద జీఎస్టీ. వరండాలో చాప వేసి నోటుబుక్కులో రాసుకుంటూ నడిపే చీటీకి ఇవేవీ ఉండవు. చీటీ నడిపే ఆవిడ ఎంత మంచిదైనా సరే, ఎత్తుకున్నోళ్ళలో ఇద్దరు ఎగ్గొడితే ఆవిడ మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? అప్పుడు రాత్రికి రాత్రే ఊరు వదిలేయడమో ఐపీ (దివాలా పిటిషను) పెట్టడమో జరుగుతుంది, ఇలాంటివి ప్రతి ఊళ్ళోనూ విన్నాం కదండీ. రిజిస్టర్ అయిన కంపెనీలో చేరినా ఒకటి ముందే అడగండి, చీటీ పాడాక ఎంతమంది జామీను కావాలి, ఎలాంటి వాళ్ళు కావాలి అని. గవర్నమెంటు ఉద్యోగులే కావాలంటారు కొన్నిచోట్ల, మనకి తెలిసిన వాళ్ళు ఎవరూ లేకపోతే పాట మనదే అయినా డబ్బు చేతికి రాక నెలలు గడిచిపోతాయి, ఫీజులకనో ఆస్పత్రికనో పాడుకున్నోళ్ళకి అది నరకం.

ఆర్‌డీ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, అదే దాని గొప్పతనం. పోస్టాఫీసులో 5 ఏళ్ళు, నెలకి 5 వేలు చొప్పున కట్టేది 3 లక్షలు, ఇప్పుడున్న 6.7 శాతం మీద చివర్లో వచ్చేది దాదాపు 3 లక్షల 56 వేల 800. చేరిన రోజు వడ్డీ ఎంతుందో 5 ఏళ్ళూ అదే, తర్వాత గవర్నమెంటు తగ్గించినా మీకు తగ్గదు. ఏడాది నిండి 12 వాయిదాలు కట్టాక అందులో సగం దాకా లోను ఇస్తారు, వడ్డీ ఆర్‌డీ వడ్డీ కన్నా 2 శాతమే ఎక్కువ, అంటే ఇప్పుడున్న రేటుతో 8.7. నూటికి ముప్పావలా వడ్డీ కూడా కాదు. చీటీ పాటలో మూడు రూపాయలు పోగొట్టుకునే ముందు ఈ లోను సంగతి చాలామందికి తెలియదు, పోస్టాఫీసు వాళ్ళు కూడా అడిగితే తప్ప చెప్పరు. ఇబ్బంది ఏంటంటే 3 ఏళ్ళ లోపు మూసేయనివ్వరు, 3 ఏళ్ళ తర్వాత మధ్యలో మూసేస్తే సేవింగ్స్ ఖాతాకిచ్చే 4 శాతం లెక్కనే ఇస్తారు. అందుకని ఏడాదిలోనో రెండేళ్ళలోనో డబ్బు కావాలి అనుకునేవాళ్ళు, జూన్‌లో పిల్లల స్కూలు ఫీజు లాంటివాటికి, పోస్టాఫీసుకి వెళ్ళకుండా బ్యాంకులో 12 నెలల ఆర్‌డీ వేసుకోవడం మేలు. బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి చిన్న మొత్తాలకి భయం లేదు.

బంగారం స్కీము దగ్గరికొస్తే ఇక్కడ నాకు గట్టి అభిప్రాయమే ఉంది, నగ ఎలాగూ కొనాలి అన్న ఇంట్లో తప్ప ఇది పొదుపు కాదు. 11 నెలలు కట్టించుకుని తర్వాత నగ ఇస్తారు, 11 నెలలే ఎందుకంటే వస్తువు కోసం తీసుకున్న అడ్వాన్సు 365 రోజులు దాటి ఉంచుకుంటే కంపెనీల చట్టం రూల్స్ ప్రకారం అది డిపాజిట్ కిందికి వస్తుంది. డబ్బు వెనక్కి ఇవ్వమంటే ఇవ్వరు, చాలా షాపుల్లో కాయిన్లు కూడా ఇవ్వరు, నగే తీసుకోవాలి. వాళ్ళిచ్చే లాభం ఏంటంటే తరుగు లేదు అంటారు, లేదా ఒక నెల వాయిదా వాళ్ళే వేస్తారు.

ఈ తరుగు దగ్గరే జాగ్రత్త. బిల్లు చేతిలోకి తీసుకుని చూడండి, నెట్ వెయిట్ పక్కన వి.ఏ. అని ఒక శాతం ఉంటుంది, తరుగు మజూరీ అంతా కలిపి అదే. 10 గ్రాముల నెక్లెస్‌కి 18 శాతం వేశారంటే 1.8 గ్రాముల బంగారం ఖరీదు మనం నగలో లేనిదానికి కడుతున్నట్టు. స్కీములో అది మాఫీ అంటే ఆకర్షణగానే ఉంటుంది. కానీ అదే డిజైను బజార్లో ఇంకో షాపులో 10, 12 శాతానికే వస్తుంటే మీకు నిజంగా మిగిలింది 18 కాదు, ఆ 10, 12 మాత్రమే. ఇంకోటి, 18 దాకే ఉచితం అని రాసి ఉంటుంది, మీకు నచ్చిన నగ మీద 24 వేస్తారు, పై 6 మీరే కట్టాలి. రాళ్ళున్న నగలయితే రాళ్ళ బరువు తీసేశారో లేదో చూడాలి. స్కీము ఉన్నా లేకపోయినా జీఎస్టీ 3 శాతం తప్పదు.

రెండు రకాల స్కీములుంటాయి, చేరేటప్పుడే అడగాలి. ఒకటి డబ్బు డబ్బుగానే ఉంచి చివర్లో ఆ రోజు రేటుకి నగ ఇచ్చేది, ఇంకోటి ప్రతి నెలా కట్టిన రోజు రేటుకి గ్రాములు రాసేది. 2025లో మేలిమి బంగారం పది గ్రాములు లక్ష దాటినప్పుడు తేడా కళ్ళారా చూశాం, గ్రాములు రాయించుకున్నోళ్ళు బతికారు, డబ్బు రూపంలో ఉంచినోళ్ళకి అనుకున్న నగ కాస్తా చెవి దిద్దులకి దిగింది. కాబట్టి రెండేళ్ళలో అమ్మాయి పెళ్ళి ఉంది, నాలుగు నగలు చేయించక తప్పదు అనుకునేవాళ్ళు గ్రాములు రాసే స్కీము కట్టొచ్చు, నగ తీసుకునేటప్పుడు దాని మీద ఉండే ఆరు అక్షరాల హాల్‌మార్కు నంబరు (హెచ్‌యూఐడీ) బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవాలి. మిగతావాళ్ళు ఆ డబ్బు ఆర్‌డీలో వేసి, నగ కావాల్సిన రోజు నాలుగు షాపులు తిరిగి బేరమాడుకుంటే, చేతిలో డబ్బు ఉంటుంది కాబట్టి, ఇష్టమైతే కొంటారు లేకపోతే లేదు.

మధ్యలో కట్టలేకపోతే పరిస్థితి ఏంటి అనేది కూడా చూడాలి, కూలీ పని చేసుకునే ఇళ్ళల్లో ఇదే పెద్ద విషయం. పోస్టాఫీసు ఆర్‌డీలో ఒక నెల తప్పితే వందకి రూపాయి ఫైను, అంటే 5 వేలకి 50, నాలుగు వాయిదాలు దాకా ఓర్చుకుంటారు, ఆ తర్వాత ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోపు బకాయి కట్టి మళ్ళీ నడిపించుకోవచ్చు. బంగారం స్కీములో ఆగిపోతే కట్టినదానికి నగ ఇస్తారు గానీ బోనసు, తరుగు మాఫీ చాలాచోట్ల పోతాయి. చీటీలో ఎత్తుకోక ముందు ఆగిపోతే మీ వాటా ఇంకొకరికి ఇచ్చి మీ డబ్బు ఎప్పటికో ఇస్తారు, ఎత్తుకున్నాక ఆగితే జామీను పెట్టిన వాళ్ళ జీతం మీద పడతారు, చుట్టరికాలు పాడయ్యేది అక్కడే.

నన్నడిగితే 5 వేల్లో 3 వేలు ఆర్‌డీకి, మిగతా 2 వేలు మీ పనిని బట్టి, వ్యాపారం ఉంటే రిజిస్టర్ అయిన చిన్న చీటీకి, పెళ్ళి ఉంటే గ్రాముల స్కీముకి. డ్వాక్రా గ్రూపులో ఉన్న ఆడవాళ్ళయితే పెట్టుబడి కోసం చీటీ జోలికి పోనక్కర్లేదు, సంఘం పొదుపులోంచే అంతర్గత అప్పు దొరుకుతుంది, సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ లోను, మహిళా సంఘాలకి అప్పులిచ్చే స్త్రీనిధి ఉన్నాయి, పావలా వడ్డీ రోజుల నుంచీ వాయిదా తప్పకుండా కట్టినోళ్ళకి ఏదో ఒక రూపంలో వడ్డీ సాయం పథకాలు వచ్చాయి.

5 వేలు కాదు కదా 500 కూడా కష్టం అనేవాళ్ళకి కూడా ఆర్‌డీ పనికొస్తుంది, నెలకి 100తో మొదలుపెట్టొచ్చు. పోస్టాఫీసుకి వెళ్ళే తీరిక లేకపోతే మహిళా ఏజెంట్లు ఇంటికే వచ్చి తీసుకెళ్తారు, వాళ్ళ కమిషను గవర్నమెంటే ఇస్తుంది, మనం పైసా ఇవ్వక్కర్లేదు. డబ్బిచ్చిన ప్రతిసారీ కార్డు మీద సంతకం చేయించుకోండి, రెండు మూడు నెలలకోసారి పాస్‌బుక్కు అడిగి అందులో ఆ నెలల ఎంట్రీలు పడ్డాయో లేదో చూసుకోండి, చదువు రాకపోతే పిల్లల చేత చదివించుకోండి.