హైదరాబాద్ బస్సెక్కే ముందు ఎక్కడ దిగాలో తేల్చుకోండి

విజయవాడ నుంచి హైదరాబాద్ సుమారు 275 కిలోమీటర్లు. బస్సుకి ఐదున్నర, ఆరు గంటలు పడుతుంది. ఈ దారిలో బస్సులకి కరువు లేదు. పండగ రోజులు కాకపోతే, అర్ధరాత్రి పండిట్ నెహ్రూ బస్టాండ్‌కి వెళ్లి నిలబడినా ఏదో ఒకటి దొరుకుతుంది. అందుకే మనవాళ్ల చర్చంతా ఏసీయా, నాన్ ఏసీయా, ఆర్టీసీయా, ప్రైవేటా అన్న దగ్గరే ఆగిపోతుంది. నన్నడిగితే అవన్నీ తర్వాతి సంగతులు. హైదరాబాద్‌లో ఎక్కడ దిగాలి, ఎన్నింటికి దిగాలి అన్నది ముందు చూసుకోవాలి. పని నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో పెట్టుకుని, బస్సు బాగుందని ఊరి మధ్యనున్న ఎంజీబీఎస్‌లో (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దిగితే అక్కణ్నుంచి ఇంకో ప్రయాణం మొదలవుతుంది.

65వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే బస్సుకి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు తగులుతుంది. కొన్ని బస్సులు అక్కడే ఔటర్ ఎక్కి గచ్చిబౌలి వైపు వెళ్లిపోతాయి. మిగతావి హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా ఊళ్లోకి వస్తాయి. ఎంజీబీఎస్‌తో ఆగిపోయేవి కొన్ని, లక్డీకాపూల్, అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్ దాటి బీహెచ్‌ఈఎల్ దాకా వెళ్లేవి కొన్ని. అన్నిటి బోర్డు మీదా హైదరాబాద్ అనే ఉంటుంది. కానీ ఎల్బీనగర్‌లో దిగినవాళ్లకీ మియాపూర్‌లో దిగినవాళ్లకీ రోడ్లు ఖాళీగా ఉన్న తెల్లవారుజామున కూడా దగ్గర దగ్గర గంట తేడా వస్తుంది. పగలైతే ఆ గంట ఎంతకి సాగుతుందో ఎవరూ చెప్పలేరు.

నేను ఎక్కువగా ఎల్బీనగర్‌లోనే దిగిపోతాను. మెట్రో ఎర్ర లైను అక్కడే మొదలవుతుంది, మియాపూర్ దాకా 29 కిలోమీటర్లు. మలక్‌పేట, నాంపల్లి, లక్డీకాపూల్, పంజాగుట్ట, అమీర్‌పేట, కూకట్‌పల్లి అన్నీ ఆ ఒక్క లైను మీదే ఉన్నాయి. హైటెక్ సిటీ వెళ్లాలంటే అమీర్‌పేటలో నీలం లైనుకి మారాలి. సికింద్రాబాద్ వైపు అయితే ఎంజీబీఎస్ స్టేషన్లో ఆకుపచ్చ లైను ఎక్కాలి. 2020 ఫిబ్రవరిలో ఆ లైను వచ్చాక ఎంజీబీఎస్ నుంచి సికింద్రాబాద్‌లోని జేబీఎస్‌కి (జూబ్లీ బస్ స్టేషన్) ఆటోల బేరం తప్పింది. విమానం ఎక్కేవాళ్లకి కూడా ఎల్బీనగరే మేలు, శంషాబాద్ వెళ్లే పుష్పక్ బస్సులు అటుగా పోతాయి. పెద్ద సూట్‌కేసులతో ఊరి మధ్యకి వెళ్లి మళ్లీ బయటికి రావడం అనవసరమైన తిప్పట.

చిక్కేమిటంటే మెట్రో పొద్దున ఆరింటికి గానీ మొదలవదు. రాత్రి పది గంటల బస్సెక్కితే మూడున్నరకల్లా "ఎల్బీనగర్ ఎవలున్నరు? దిగుర్రి" అని లైట్లు వేసి లేపేస్తారు. నిద్రకళ్లతో కిందికి దిగేసరికి ఆటోవాళ్లు చుట్టేస్తారు. "ఎక్కడికన్నా, కూకట్‌పల్లా?" అంటూ బ్యాగు అందుకోబోతారు. ఆ వేళకి వాళ్లు చెప్పిందే రేటు. యాప్‌లో చూస్తే బండి దొరుకుతుంది, డ్రైవర్ ఫోన్ చేసి ఎక్కడికో కనుక్కుని క్యాన్సిల్ చేస్తాడు. అందుకే పది గంటల బస్సు వద్దు. పన్నెండు దాటాక బయల్దేరేది చూసుకోండి. ఐదున్నర, ఆరుకి దిగుతారు, టీ తాగి మెట్రో ఎక్కేయొచ్చు. విశాఖపట్నం, కాకినాడ వైపు నుంచి వచ్చే బస్సులు కూడా ఆ వేళల్లో విజయవాడ మీదుగా పోతాయి. అయితే అవి ఎంత ఆలస్యంగా వస్తాయో ముందుగా తెలియదు. ఆర్టీసీ బస్సయితే బస్టాండ్‌లో కూర్చుని ఎదురు చూడొచ్చు. అందులోనే సినిమా హాళ్లు కూడా ఉన్నాయి, సెకండ్ షో చూసి బస్సెక్కేవాళ్లు నాకు తెలుసు. ప్రైవేటు బస్సయితే ఏ బెంజి సర్కిల్ దగ్గరో రోడ్డు పక్కన నిలబడాలి.

ఇక బస్సుల సంగతి. ఏపీఎస్ఆర్టీసీ సూపర్ లగ్జరీకి ఏసీ ఉండదు, అటు రెండు ఇటు రెండు పుష్‌బ్యాక్ సీట్లు. కార్తీకం నుంచి మాఘం దాకా ఈ దారికి అది చాలు. ఎండలు ముదిరాక మాత్రం ఇంద్రో, అమరావతో ఎక్కాల్సిందే. అమరావతి మల్టీ యాక్సిల్ బండి కాబట్టి కుదుపు తక్కువ, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆ తేడా డబ్బుకి వెనకాడక్కర్లేదు. తెలంగాణ ఆర్టీసీలో రాజధాని, గరుడ ప్లస్ ఉన్నాయి. 2023 మేలో ఇదే దారిలో ఈ-గరుడ పేరుతో ఎలక్ట్రిక్ బస్సులు తెచ్చారు. ఇంజిన్ మోత లేకపోవడం ఎంత సుఖమో ఎక్కితే తెలుస్తుంది. సీటు కూడా చూసుకోండి. మధ్యాహ్నం బస్సయితే డ్రైవర్ వైపు వరస తీసుకోండి, పడమటి ఎండ ఎడమ పక్కన పడుతుంది. వెనక చక్రాల మీది సీట్లు, ఆఖరి వరస వద్దే వద్దు.

స్లీపర్ బస్సులు నాకు నచ్చవు. పది, పన్నెండు గంటల ప్రయాణానికి సరేగానీ, ఈ దారిలో ఒళ్లు వాల్చి నిద్ర పట్టేసరికి చౌటుప్పల్ వచ్చేస్తుంది. ఇంకో కారణం భయం. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర వోల్వో బస్సు తగలబడి 45 మంది పోయారు. అది సీట్ల బస్సే. పన్నెండేళ్ల తర్వాత, 2025 అక్టోబరు 24న, కర్నూలు దగ్గర చిన్నటేకూరులో స్లీపర్ బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. రెండూ బెంగళూరు రోడ్డు మీద జరిగినవే. అయినా బస్సు ఏ రోడ్డు మీద ఉన్నా బయటపడే దారి తెలియాలి కదా. ఎక్కగానే అత్యవసర ద్వారం ఎటుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో ఒక్క నిమిషం చూసుకుంటాను. సుత్తి పెట్టే చోటు ఖాళీగా కనిపిస్తే డ్రైవర్‌ని అడుగుతాను. విసుక్కుంటే విసుక్కోనీ.

ప్రైవేటు బస్సుల్లో మంచివీ ఉన్నాయి, దుప్పటీ, నీళ్ల సీసా, చార్జింగ్ అన్నీ ఇస్తారు. కానీ యాప్‌లో చూసిన బస్సే వస్తుందన్న నమ్మకం ఉండదు. ఒకసారి ఒక ట్రావెల్స్ వాళ్లు నేను బుక్ చేసిన ఏసీ బస్సు బదులు వేరే పాత బండి పంపారు. ఎక్కే చోటు కూడా చివరి గంటలో మార్చి, "ఆ పెట్రోల్ బంకు దగ్గరికి వచ్చేయండి సార్" అన్నారు. డబ్బు కొంత వెనక్కి వచ్చింది, నిద్ర రాలేదు. అలాంటి గొడవ వద్దనుకునేవాళ్లకి ఆర్టీసీయే సుఖం. ఏపీ బస్సుల టికెట్లు ఇప్పుడు ఏపీ ప్రభుత్వం వారి మన మిత్ర వాట్సాప్‌లో కూడా తీసుకోవచ్చు.

తెలంగాణలో మహాలక్ష్మి పథకం, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చాక మా బంధువుల్లో ఆడవాళ్లు చాలామంది అడుగుతున్నారు, హైదరాబాద్ బస్సులో ఉచితం కాదా అని. కాదు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి వాటికే ఆ సౌకర్యం, అదీ ఆయా రాష్ట్రం లోపలే. రాష్ట్రం దాటి వెళ్లాలంటే టికెట్ కొనాల్సిందే. జగ్గయ్యపేట దాకా ఒకటి, కోదాడ దాకా ఒకటి అంటూ ముక్కలుగా వెళ్లే లెక్కలు కొందరు వేస్తుంటారు గానీ, పచ్చళ్ల జాడీలతో అన్నిసార్లు దిగి ఎక్కగలిగితే వెళ్లమనండి.

దారి గురించి చెప్పేది తక్కువే. నందిగామ, కోదాడ, సూర్యాపేట, నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల అలా వెళ్లిపోతాయి. కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి దగ్గర టోల్ గేట్లు. వానాకాలంలో మాత్రం నందిగామ దగ్గర ఐతవరం గుర్తుంచుకోండి. 2023 జులైలో మున్నేరు పొంగి హైవే మీదికి నీళ్లు వచ్చి బస్సులు నిలిచిపోయాయి. పెద్ద వర్షాలప్పుడు వార్తలు చూసి బయల్దేరడం మంచిది. భోజనానికి ఎక్కువగా సూర్యాపేట ప్రాంతంలో ఆపుతారు. రుచి సంగతి అలా ఉంచితే ధర ఊళ్లో కంటే ఎక్కువ. మా అమ్మ ఇంటి దగ్గర్నుంచే పులిహోర కట్టుకొస్తుంది.

అమ్మని నిమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు నాకు అర్థమైన విషయం ఇంకోటుంది. పెద్దవాళ్లకి సీటు ఎంత మెత్తగా ఉందన్నది కాదు, మధ్యలో బాత్రూముకి ఆపుతారా లేదా అన్నది ముఖ్యం. నాన్‌స్టాప్ అని గొప్పగా చెప్పే బస్సుల్లో షుగర్ ఉన్నవాళ్లకి టెన్షనే. ఎక్కేటప్పుడే "డ్రైవర్ గారూ, అమ్మకి షుగర్, సూర్యాపేటలో ఐదు నిమిషాలు ఆపాలి" అని చెప్పేస్తాను. ముందే చెబితే కాదన్నవాళ్లు లేరు. బస్సు కదిలాక వెనక నుంచి అరిస్తే మాత్రం చిరాకు పడతారు. నిమ్స్‌కి పంజాగుట్ట మెట్రో స్టేషన్ దగ్గర, లిఫ్టు ఉంటుంది కాబట్టి మెట్ల బాధ కూడా లేదు.

సంక్రాంతికి ఈ లెక్కలేవీ పనిచేయవు. వెళ్లేటప్పుడు సరే, పండగ అయ్యాక హైదరాబాద్ తిరిగొచ్చే రోజుల్లో పంతంగి దగ్గర బార్లు తీరిన కార్ల మధ్య బస్సు ఎంతసేపు నిలబడుతుందో తెలియదు. ప్రైవేటు టికెట్ ధర రెండు, మూడింతలు చూశాను. తెలంగాణ ఆర్టీసీ కూడా పండగ స్పెషల్ బస్సులకి ఒకటిన్నర రెట్లు తీసుకుంటుంది. దానికి 2003 నాటి జీవో ఉంది. బస్సు ఒకవైపు ఖాళీగా తిరిగి రావాలి కాబట్టి అని వాళ్ల వాదన. మామూలు సర్వీసులకి అది వర్తించదు, కాబట్టి రెగ్యులర్ బస్సులో ముందుగా రిజర్వేషన్ చేయించుకున్నవాళ్లే గెలుస్తారు.

ఉండే చోటు విషయానికొస్తే, పొద్దున్నే దిగేవాళ్లకి గది అద్దె కంటే చెకౌట్ పద్ధతి ముఖ్యం. మధ్యాహ్నం పన్నెండింటికి చెకౌట్ అంటే ఆరింటికి దిగిన మనకి సగం రోజు వృథా, లేదా ఆ సగం రోజుకీ అద్దె కట్టాలి. ఇరవై నాలుగు గంటల చెకౌట్ ఇచ్చే పాత లాడ్జీలు ఎంజీబీఎస్ చుట్టుపక్కల గౌలిగూడ, అఫ్జల్‌గంజ్, కోఠి వైపు దొరుకుతాయి. శుభ్రం అంతంతమాత్రం, హారన్ల మోత రాత్రంతా. ఒక్కడినే అయితే, ఒక్క రాత్రి కోసమైతే ఫర్వాలేదు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గర పడతాయి (మ్యూజియానికి శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి). కుటుంబంతో అయితే నా ఓటు లక్డీకాపూల్‌కే. మెట్రో ఉంది, అన్ని ధరల్లో గదులున్నాయి, చుట్టూ టిఫిన్ దొరుకుతుంది, నాంపల్లి స్టేషన్, పంజాగుట్ట రెండూ దగ్గరే. ఉద్యోగాల కోసం వచ్చే కుర్రాళ్లకి అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో రోజు అద్దెకి మంచం దొరుకుతుంది. కొండాపూర్, గచ్చిబౌలిలో యాప్‌లో బుక్ చేసుకునే గదులు బోలెడు. అక్కడ నాకు తగిలిన ఒక హోటల్లో ఫొటోలో ఉన్న కిటికీ గదిలో లేదు. ఫొటోలు కాదు, ఈ నెలలో ఎవరైనా రాసిన అభిప్రాయాలు చదవండి.

తెల్లవారకముందే ఊరి మధ్య దిగాల్సి వస్తే మొజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండి ఉంది. తెల్లవారుజామున మూడింటి నుంచే వెన్న, పనీర్ వేసిన దోసెలు పోస్తారు. మన గుంటూరు కారప్పొడి దోసె అలవాటైన నాలుకకి అంత వెన్న ఎక్కువనిపిస్తుంది గానీ, ఆ వేళకి వేడిగా దొరకడమే గొప్ప.

తిరుగు ప్రయాణానికి ఎంజీబీఎస్ దాకా వెళ్లక్కర్లేదు. టికెట్ తీసుకునేటప్పుడే ఎక్కే చోటు ఎల్బీనగర్ అని పెట్టుకోవచ్చు. శుక్రవారం రాత్రి విజయవాడ వైపు రద్దీ, ఆదివారం రాత్రి హైదరాబాద్ వైపు రద్దీ. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ నీళ్లు ఎంజీబీఎస్‌లోకే వచ్చేసి, విజయవాడ బస్సుల్ని ఎల్బీనగర్ నుంచి నడిపారు. ఆ బస్టాండ్ ఉన్నదే నది మధ్య కాబట్టి, గండిపేట చెరువు గేట్లు ఎత్తారని వార్త వచ్చిన రోజున బయల్దేరే ముందు ఆర్టీసీ వాళ్లకి ఫోన్ చేసి ఎక్కడ ఎక్కాలో కనుక్కోండి.