అనంతపురం చీనీ, కర్నూలు నన్నారి, మధ్యలో చేపల వాసన ఐసు

బావ బెంగళూరు నుంచి కారేసుకుని వచ్చాడు, నేను కర్నూలు నుంచి బస్సులో దిగాను, అనంతపురంలో కలిశాం. నాలుగు రోజుల తిరుగుడు. బావ షరతు ఒకటే, ఎక్కడ తాగినా గ్లాసులో మూడు వస్తువులకు మించి పడకూడదు, ఐసు లెక్కలోకి రాదు. నా షరతు ఇంకొకటి, ఆ రోజుకి కారు తాళాలు పక్కన పెట్టేశాకే సీసా మూత తియ్యాలి. నాదైతే ఒక్కసారీ తప్పలేదు.

అనంతపురంలో మేం దిగిన హోటల్ గది 1,800 రూపాయలు, దుప్పట్లు శుభ్రం, నీళ్లు ధారాళం, పేరు పెట్టడానికేం లేదు. కింద ఉన్న బార్ సంగతే వేరు. మెనూలో కాక్‌టెయిల్స్‌కే మూడు పేజీలు. నేను డైకిరీ చూపించి ఇది కావాలన్నాను. రమ్ము, నిమ్మరసం, చక్కెర, అంతే కదా, ఇది ఎవరైనా చేస్తారనుకున్నా. కుర్రాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "అన్నా, అది రాసినారు గానీ యాడ చేస్తాం, బ్లూ లగూన్ ఒకటే పోతాది ఈడ" అన్నాడు. సరే తెమ్మన్నాం. 450 రూపాయలు. నీలం రంగు, పైన చెర్రీ పండు, నోట్లో పోసుకుంటే దగ్గు మందు. అందులో వోడ్కా ఎంతుందో దేవుడికే తెలియాలి.

అప్పుడు బావకి వెలిగింది. చీనీకాయల, అంటే బత్తాయిల ఊళ్లో కూర్చుని ఈ నీలం నీళ్లేంది అని, వీధి చివరి జ్యూస్ బండి నుంచి చక్కెర వెయ్యకుండా తీసిన చీనీ రసం, రెండు నిమ్మకాయలు తెప్పించాడు, కుర్రాడికి ఓ యాభై ఇచ్చి. 60 మిల్లీలీటర్ల వోడ్కా, దానికి రెండింతలు చీనీ రసం, అర చెక్క నిమ్మ. వోడ్కాలో ఆరెంజ్ జ్యూస్ పోస్తే స్క్రూడ్రైవర్ అంటారు కదా, దాని వరసే, కాకపోతే చీనీకి పులుపు తక్కువ కాబట్టి నిమ్మ పడాల్సిందే. అంచుకి ఉప్పు అద్దుదామా అంటే అది నాలుగో వస్తువు అవుతుందా కాదా అని పావుగంట వాదించుకున్నాం, ఈలోపు జగ్గులో మిగిలిన రసం చేదెక్కింది. చీనీతో ఇదే తంటా, పిండిన వెంటనే తాగెయ్యాలి, నిలవుంటే చేదు. రెండో గ్లాసు అందుకే పాడైంది. బార్‌కి మార్కులు సున్నా, కుర్రాడికి పదికి తొమ్మిది.

మరుసటి రోజు తాడిపత్రి. బుగ్గ రామలింగేశ్వరుడి గుళ్లో ఆ రాతి చెక్కడం ముందు గంటసేపు ఉండిపోయాం. అక్కడి నుంచి బెలుం గుహలు. ఇవి 2022 నుంచి నంద్యాల జిల్లా కిందికి వచ్చాయి గానీ నా నోటికి ఇంకా కర్నూలు అనే వస్తుంది. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, చూడనిచ్చేది సుమారు కిలోమీటరున్నర, అదే చాలు, లోపలి ఉక్కకి చొక్కా పిండితే చెంబెడు నీళ్లొచ్చేలా ఉంది. కాటన్ బట్టలు వేసుకుని, వెంట నీళ్ల సీసా పెట్టుకుని వెళ్లండి.

గండికోటలో సూర్యాస్తమయం చూశాం, మందు మాట ఎత్తలేదు. పెన్న లోయ అంచున చాలాచోట్ల అడ్డు కమ్మీలు లేవు, తాగినవాడు నిలబడే చోటు కాదది. రాత్రి అక్కడే ఉండి తెల్లవారుజామున చూడాల్సింది, మేం కక్కుర్తిపడి కడపకి బయల్దేరాం, తప్పు మాదే.

కడప లాడ్జి 1,200. రూములో తాగొచ్చా అని ముందే అడిగాం, గొడవ చెయ్యకుంటే చాలన్నారు. ఏసీ బాగా పనిచేసింది. వేడినీళ్లు మాత్రం బకెట్లో మోసుకొచ్చి ఇచ్చారు, అదీ ఆరున్నర లోపల అయితేనే. అసలు దెబ్బ ఐసు దగ్గర తగిలింది. అడిగిన ముప్పావుగంటకి ప్లాస్టిక్ కవర్లో వచ్చింది, కవర్ ముడి విప్పగానే చేపల వాసన. ఏ డీప్ ఫ్రీజర్లో దేని పక్కన పెట్టారో మరి. మూడే వస్తువులున్న గ్లాసులో వాసన దాక్కోడానికి చోటుండదు, ఐసు లెక్కలోకి రాదన్న బావ మాట అక్కడే వీగిపోయింది. ఐసంతా సింకులో పోసి, విస్కీ క్వార్టరూ సోడా సీసాలూ రూములోని చిన్న ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టాం. ఒక వంతు విస్కీ, మూడు వంతుల సోడా, గ్లాసు వంచి అంచు వెంబడి మెల్లగా పోస్తే గ్యాస్ పోదు. పైన నిమ్మతొక్క ఒకసారి నులిమితే సరి. ఐసు లేకుండా కూడా ఇంత బాగుంటుందని నాకు తెలీదు. పక్కకి ఎర్రకారం దోశ తెప్పించడం మాత్రం పొరపాటు, ఆ కారం ముందు విస్కీ ఏంటి, ఏ రుచీ నిలవదు. దోశకి దోశగా పదికి పది.

కర్నూల్లో దిగాక కొండారెడ్డి బురుజు చూపించి, తర్వాత బావని నన్నారి, అంటే సుగంధిపాల వేరు షర్బత్తు అమ్మే బండి దగ్గర నిలబెట్టాను. బండాయన చెయ్యి చూడాలి. గ్లాసులో నానిన సబ్జా గింజలు ఒక చెంచా, నిమ్మచెక్క చెక్కగిన్నెలో పెట్టి ఒక్క నొక్కు, సీసాలోంచి నన్నారి ఒక ధార, సోడా మూత టప్పుమని తీసి ఎత్తు నుంచి పొయ్యడం, అంతా పది సెకన్లు. పాతిక రూపాయలు. ఈ ట్రిప్పులో మేం కొన్న వాటిలో డబ్బుకి తగినదంటే ఇదే. బావ వేళ్లు ముడిచి లెక్కపెట్టి, "సబ్జాతో నాలుగు" అన్నాడు. తాగాక ఇంకోటి తీసుకున్నాడు, లెక్క ఎత్తలేదు.

పులుపు నిమ్మ, తీపి నన్నారి. రమ్మొక్కటే తక్కువ, అనంతపురం బార్‌లో దొరకని డైకిరీ ఇదే కదా అని అప్పుడు తట్టింది. సుగంధిపాల వేరు వాసన వెనీలాకి దగ్గర, నల్ల రమ్ములోనూ అదే ఛాయ ఉంటుంది. డైకిరీ అంటే క్యూబాలో ఇనుప గనులున్న ఊరి పేరు అని చెప్తే, "అయితే మన బేతంచెర్లట్ల" అన్నాడు బావ, అదీ గనుల ఊరే.

సీసాడు నన్నారి కొనుక్కుని ఇంటికొచ్చి సాయంత్రం మిద్దెక్కాం. షేకర్ లేదు, పాత హార్లిక్స్ సీసా ఉంది. 60 రమ్ము, 20 నిమ్మరసం, 15 నన్నారి, నిండా ఐసు, మూత బిగించి, చేతులు కొరికేంత చల్లబడేదాకా ఊపి, టీ వడకట్టుతో వంచాం. నన్నారి మొదటిసారి 25 పోస్తే షర్బత్తే మిగిలింది, రమ్ము మాయం. 15 దగ్గర కుదిరింది. అక్క పైకొచ్చి వాసన చూసి, రమ్ము లేకుండా తనకో గ్లాసు కలుపుకుని, హార్లిక్స్ సీసా రేపటికల్లా కడిగి పెట్టకపోతే చూడండి అని దిగిపోయింది.