వైజాగ్ ఉక్కపోతలో ఇంటి పానీయాలు: నిలబడ్డవి, మానేసినవి

కొన్నేళ్లుగా మా వంటింట్లో ఏదో ఒక జాడీ పులుస్తూనో, నానుతూనో ఉంటోంది. ఇప్పటిదాకా చేసినవాటిలో సింహాచలం అనాస తొక్కల పానీయానికి ఫుల్ మార్కులు. అరకు కాఫీ లిక్యూర్‌కి దాదాపు అంతే. అల్లం బీరు బాగుంటుంది కానీ సీసాలతో తలనొప్పి. పులియబెట్టిన తీపి టీ, అదే కొంబుచా, మానేశాను.

బీరు ఏదీ అని అడుగుతారు కాబట్టి ముందు అది చెప్పేస్తాను. చెయ్యను. 1968 నాటి మన ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయకూడదు, ఇంట్లో తాగడానికైనా సరే. అమెరికాలో ఉన్న మా బావకి ఆ బాధ లేదు. అక్కడ 1978లో చట్టం మార్చి సొంతానికి బీరు కాచుకోనిచ్చారు. ఆయన గ్యారేజీలో బార్లీ మాల్ట్, హాప్స్ బస్తాలు చూస్తే కాస్త కుళ్లుకున్న మాట నిజమే. చట్టం సంగతి పక్కన పెట్టినా మన వాతావరణం ఒప్పుకోదు. ఎయిల్ రకం బీరుకి వాడే ఈస్ట్‌కి సుమారు 18 నుంచి 22 డిగ్రీలు నచ్చుతాయి. మే నెలలో మనకి రాత్రిళ్లు కూడా అంత చల్లబడదు. వేడి ఎక్కువైతే ఈస్ట్ ఘాటైన ఆల్కహాళ్లు వదిలి రుచి పాడుచేస్తుంది.

ఇక అనాస. మెక్సికోలో దీన్ని తెపాచే అంటారు. వాళ్లూ తొక్కలతోనే చేస్తారు, మనం పారేసే తొక్కలతో! వానలు మొదలయ్యే రోజుల్లో అప్పన్న కొండ దగ్గర అమ్మే అనాసలు చిన్నవి, వాసన బలంగా ఉంటుంది. ఒక కాయ తొక్క, మధ్యలో ఉండే గట్టి భాగం, 150 గ్రాముల బెల్లం, లీటరున్నర నీళ్లు, నాలుగు లవంగాలు, ఒక దాల్చిన చెక్క ముక్క చాలు. తొక్కని పైపైన కడగాలి, రుద్ది తోమకూడదు, పులియబెట్టే ఈస్ట్ ఉండేది దాని మీదే. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి మరిగించి చల్లార్చి పోస్తాను. తొక్కలు నీళ్లలో మునిగే ఉండాలి, పైకి తేలితే బూజు పడుతుంది. మూతకి బదులు పల్చటి గుడ్డ కడితే చాలు. పుస్తకాల్లో రెండు మూడు రోజులని రాస్తారు. జూన్‌లో మా ఇంట్లో ఒక పగలూ ఒక రాత్రీ గడిస్తే పైన తెల్లటి నురగ కట్టేస్తుంది. అప్పుడే వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంకో రోజు వదిలితే పులుపెక్కి వెనిగర్ దారి పడుతుంది. నురగ కాకుండా నల్లగా, పచ్చగా నూగు కనిపిస్తే మొత్తం పారబోయడమే, పైది తీసేసి తాగుదామనుకోవద్దు.

బెల్లం గురించి ఒక మాట. అనకాపల్లి పక్కనే ఉంది కదా అని ఏ బెల్లం పడితే అది తేవద్దు. నిగనిగలాడే పసుపు రంగు దిమ్మల్లో రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు ఉంది. నేను ముదురు గోధుమ రంగుదే ఏరుకుంటాను. దానితో పొంగు త్వరగా వస్తుంది, రుచి కూడా లోతుగా ఉంటుంది. కొట్టులో 'నల్ల బెల్లం దేనికండీ' అని వింతగా చూస్తారు, చూడనివ్వండి.

అల్లం బీరుకి పేరులోనే బీరు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పుట్టిన ఘాటు సోడా ఇది. తొక్కతో సహా తురిమిన అల్లం, పంచదార ఒక్కో చెంచా చొప్పున గ్లాసుడు నీళ్లలో రోజూ వేస్తూ పోతే, మన వేడికి మూడో రోజుకల్లా బుడగలు మొదలవుతాయి. ఆ తోడుని అల్లం కషాయం, పంచదార, నిమ్మరసం కలిపిన చల్లటి నీళ్లలో వేసి సీసాలకెత్తాలి. అసలు టెన్షన్ ఇక్కడే. ఆన్‌లైన్‌లో దొరికే తీగ మూతల గాజు సీసాల్లో పలకలుగా ఉండేవి అలంకారానికే, గ్యాస్ ఒత్తిడికి పగలొచ్చు. గుండ్రంగా, మందంగా ఉన్నవే కొనండి. రెండేళ్లు గడిచేసరికి మా వాటి రబ్బరు వాషర్లు బిగుసుకుపోయాయి, సముద్రపు గాలికి తీగలు తుప్పు పట్టాయి. సీసా కంటే ముందు వాషర్లు విడిగా దొరుకుతాయో లేదో కనుక్కోవడం మంచిది. ఇప్పుడు ప్రతిసారీ ఒకటి మాత్రం కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలో పోస్తాను. నొక్కితే అది గట్టిగా ఉందంటే గాజువి కూడా తయారైనట్టే, అన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకి. బాగా చల్లబడ్డాకే మూత తీయాలి. చల్లటి నీటిలో గ్యాస్ కరిగి ఉంటుంది, వెచ్చగా ఉన్నప్పుడు తీస్తే సగం సీసా సీలింగ్ మీదే. ఇందులోనూ, అనాస దాంట్లోనూ కొద్దిగా ఆల్కహాల్ చేరుతుంది, బయట ఉంచేకొద్దీ పెరుగుతుంది. అందుకే రోజుల తరబడి వదలను, పిల్లలకు పోయను.

కొంబుచా ఎందుకు మానేశానంటే, మన వేడికి అది చెప్పాపెట్టకుండా పుల్లబడుతుంది. పైగా జాడీ చుట్టూ చిన్న ఈగలు. ఊరెళ్లి వస్తే తాగలేనంత వెనిగర్ మిగులుతుంది.

లిక్యూర్లకి ఈ గొడవ లేదు. పులియబెట్టేదేమీ ఉండదు, షాపులో కొన్న మద్యంలో రుచి దించుకోవడమే. కాఫీదయితే చికోరీ కలపని అరకు పొడి కావాలి, 2019లో జీఐ గుర్తింపు వచ్చిన అరబికా అది. ముతకగా ఆడించిన పొడి 100 గ్రాములు అర లీటరు నీళ్లలో కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి వడకడితే సుమారు 400 మిల్లీలీటర్లు వస్తుంది. అందులో 200 గ్రాముల పంచదార కరిగించి, 375 మిల్లీలీటర్ల డార్క్ రమ్ము, కాస్త వెనిలా కలపడమే. ఆల్కహాల్ 17, 18 శాతం దగ్గర తేలుతుంది. ఇదే దారిలో మెక్సికో వాళ్లు 1936 నుంచి కహ్లువా అమ్ముతున్నారు. దాంతో పోలిస్తే మనది తీపి తక్కువ, కాఫీ ఎక్కువ, నాకు మనదే ఇష్టం. వారం ఆగితే రమ్ము ఘాటు తగ్గి కలిసిపోతుంది, నెలల తరబడి నిలుస్తుంది. పాలు మాత్రం గ్లాసులోనే కలుపుకోండి, సీసాలో వద్దు.

దబ్బకాయ తొక్కని వోడ్కాలో నానబెట్టింది కూడా బాగానే వచ్చింది. పచ్చని పొర మాత్రమే పల్చగా చెక్కాలి, కింది తెల్లది చేదు. పంచదార పాకం పోయగానే తొక్కలోని నూనెల వల్ల మసకబారుతుంది, పాడైందని కంగారు పడక్కర్లేదు. చిన్న గ్లాసుతో సరి, రెండోది ఎక్కువే.

మందు ముట్టనివాళ్లు ఇంటికొస్తే జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వాళ్ల నన్నారి షర్బత్, నిమ్మకాయ, సోడా. ఇందులో నా పనితనమేమీ లేదు, కానీ మా ఇంట్లో అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యే సీసా అదే.