రాసింది ఎవరికి చూపించాలి: ఒక్కరికా, బృందానికా?

చిత్తుప్రతి ఇంకా సగంలో ఉంటే, ఒకరి రాతలు ఒకరు చదివి అభిప్రాయం చెప్పుకునే బృందం కన్నా నమ్మకమైన ఒక్క పాఠకుడే మేలు. వారానికి రెండు మూడు పేజీలు పంపి, ఒకే ప్రశ్న వేయాలి: "ఎక్కడ చదవడం ఆపేయాలనిపించింది?" "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే జవాబే వస్తుంది, దానితో చేసేదేమీ ఉండదు. (ఇంట్లోవాళ్లను అడక్కండి, నొప్పించకుండా మాట్లాడాలనే చూస్తారు.) చిక్కల్లా ఆ మనిషి తీరిక. రెండు వారాలు పలక్కపోతే మీ రాతా ఆగుతుంది.

బృందంలో ఆ బెడద తక్కువ. నలుగురైదుగురుంటే ఒకరు రాకపోయినా పని నడుస్తుంది, గడువు ఉంటుంది కాబట్టి బద్ధకం సాగదు. కానీ సగం రాసిన నవల మీద ఐదు రకాల సలహాలు పడితే ముందుకు వెళ్లడం మాని మొదటి అధ్యాయాన్నే తిరగరాస్తూ కూర్చుంటారు. అందుకే వాళ్లకు పూర్తయిన ప్రతే ఇవ్వాలి. ముగ్గురు ఒకే చోట తడబడితే దిద్దండి. ఒక్కరికే నచ్చకపోతే రాసి పెట్టుకుని ముందుకు సాగొచ్చు. పదిమంది దాటిన బృందమైతే వద్దు, మీ వంతు వచ్చేసరికి ఊపు చల్లారిపోతుంది.